మూలవిరాట్టు కనిపించని గుడిపేట: టోక్యోలోని అసకుసా పుట్టుపూర్వోత్తరాలు

టోక్యోలో భూగర్భ రైలు దిగి, మెట్లెక్కి అసకుసా వీధిలోకి వచ్చిన మనిషిని ముందుగా పలకరించేది ఓ ఎర్ర లాంతరు. ఎత్తు 3.9 మీటర్లు, అడ్డు 3.3 మీటర్లు, బరువు దాదాపు 700 కిలోలు. కామినారిమోన్, అంటే ఉరుముల ద్వారం, నడుమ వేలాడుతూ ఉంటుంది. ద్వారానికి కుడివైపు గాలిదేవుడు, ఎడమవైపు ఉరుముల దేవుడు కాపలా. దాన్ని దాటితే 250 మీటర్ల పొడవున అంగళ్ల వీధి. వీధి చివర హోజోమోన్ అనే రెండో ద్వారం, ఎడమచేతి వైపు అయిదంతస్తుల గోపురం, ఎదురుగా సెన్సోజీ ఆలయం. టోక్యోలో ఇంతకంటే పాత గుడి లేదు. ఏటా కోట్లమంది ఈ దారిన నడుస్తారు.

ఇంతమంది చూడవచ్చే ఈ పేటలో అసలు చూడాల్సిన విగ్రహం మాత్రం కంటపడదు. గర్భగుడిలోని మూలవిరాట్టును 645 నుంచి దర్శనానికి పెట్టలేదు. పోనీ, కంటికి కనిపించేవైనా పాతవా అంటే చాలావరకు కావు. ఇప్పుడున్న ఉరుముల ద్వారం 1960 నాటిది. ప్రధానాలయం 1958లో లేచింది, గోపురం 1973లో. మరి 1400 ఏళ్ల నాటి ఊరని జపాన్ వాళ్లు దీన్ని ఎందుకంత ప్రేమగా చెప్పుకుంటారు? మొదటినుంచీ కథ వింటే తప్ప అది బోధపడదు.

వలలో దొరికిన దేవుడు

గుడి చరిత్ర ప్రకారం అది 628వ సంవత్సరం, మూడో నెల, 18వ రోజు. సుమిదా నదిలో ఇద్దరు అన్నదమ్ములు వల వేశారు. పేర్లు హినోకుమా హమనారి, హినోకుమా తకెనారి. వలలో చేపలకు బదులు చిన్న విగ్రహం పడింది. అదేమిటో వాళ్లకు తెలియలేదు. ఊరి పెద్ద హాజీ నో నకతోమో దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన చూసి, ఇది కన్నోన్ విగ్రహమని గుర్తుపట్టాడు. తాను సన్యసించి, సొంత ఇంటినే గుడిగా మార్చి, ఆ విగ్రహాన్ని కొలిచాడు.

కన్నోన్ అంటే మనవాళ్లు ఎరిగిన అవలోకితేశ్వరుడే. లోకం మొర ఆలకించే కరుణామూర్తి. బౌద్ధంతోపాటు మన దేశంలో బయల్దేరి, చైనా, కొరియాల మీదుగా జపాన్ చేరాడు. అప్పటికి జపాన్‌లో బౌద్ధం అడుగుపెట్టి వందేళ్లయినా కాలేదు. రాజధానికి ఎంతో దూరాన, సముద్రం ఒడ్డునున్న పల్లె ఇది. అసకుసా అన్న పేరును రెండు అక్షరాలతో రాస్తారు. ఒకటి లోతులేనిదని, రెండోది గడ్డి అని చెబుతుంది. ఆ రెండక్షరాలనే చైనా ఉచ్చారణలో చదివితే ‘సెన్సో’ అవుతుంది, ‘జీ’ అంటే గుడి. ఊరి పేరు, గుడి పేరు రాతలో ఒకటే, పలకడంలోనే తేడా.

645లో షోకాయ్ అనే భిక్షువు వచ్చి మందిరం కట్టాడు. విగ్రహాన్ని ఇకమీదట ఎవరికీ చూపవద్దని కలలో ఆదేశం వచ్చిందంటూ తెర వేసింది ఆయనే. తర్వాత 9వ శతాబ్దంలో ఎన్నిన్ అనే ప్రసిద్ధ ఆచార్యుడు మూలవిరాట్టు ముందు నిలిపేందుకు మరో విగ్రహం చెక్కాడంటారు. మన గుళ్లలో మూలవిరాట్టు, ఉత్సవమూర్తి వేరువేరుగా ఉన్నట్టే. ఆ ముందు విగ్రహాన్నయినా ఏడాదికి ఒక్కసారే, డిసెంబరు 13న, తెర తీసి చూపిస్తారు.

బియ్యం కొట్లు తెచ్చిన కళ

దాదాపు వెయ్యేళ్లు ఇది జాలరులు, యాత్రికులు వచ్చిపోయే గుడి. తర్వాత దేశాన్ని ఏలిన తోకుగావా ఇయెయాసు 1590లో ఎదో పట్టణాన్ని తన స్థానం చేసుకోవడంతో అసకుసా జాతకం మారింది. ఆ ఎదోనే నేటి టోక్యో. ఇయెయాసు సెన్సోజీని తన కుటుంబం మొక్కుకునే గుడిగా ఎంచుకున్నాడు. ఆయన మనవడు ఇయెమిత్సు 1649 నాటికి ప్రధానాలయం కట్టించాడు, పక్కనే ఆ ముగ్గురికీ, అంటే ఇద్దరు జాలరులకూ ఊరి పెద్దకూ, ఒక కోవెల కట్టించాడు. దాని పేరు అసకుసా జింజా. దేవుణ్ణి తెచ్చినవాళ్లనూ దేవుళ్లుగా కొలిచే చోటు అది.

భక్తి ఒక్కటే పేటను పెంచలేదు. గుడికి దక్షిణంగా నది ఒడ్డున 1620లో ప్రభుత్వం బియ్యం కొట్లు కట్టింది. ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ కురమాయె అంటారు, కొట్లముందు అని అర్థం. సమురాయ్‌లకు జీతం బియ్యంగానే ముట్టేది. ఆ బియ్యాన్ని అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దళారులు, రాబోయే బియ్యం మీద అప్పులిచ్చి వడ్డీలు పిండేవాళ్లు అక్కడే వెలిశారు. చేతినిండా డబ్బున్న ఆ దళారులు ఖర్చుపెట్టేందుకు నడిచొచ్చే దూరంలోనే అసకుసా ఉంది. 1657లో ఎదోను కాల్చేసిన మహా అగ్నిప్రమాదం తర్వాత యోషివారా అనే వేశ్యావాటికను గుడి వెనక్కి తరలించారు. అక్కడి స్త్రీలకు మాత్రం అది చెర. 1840లలో కబుకి నాటకశాలలనూ నగరం నడిబొడ్డు నుంచి తీసేసి ఇక్కడికే పంపారు. ప్రభుత్వం ఊరికి దూరంగా నెట్టిందల్లా అసకుసాలో వచ్చి చేరింది. గుడికి మొక్కు, పక్కనే ఆట, పాట, తిండి. ఒకే దారిలో అన్నీ.

ఆ దారే నకామిసె. 17వ శతాబ్దం చివర గుడి ఆవరణ ఊడ్చే పని అక్కడివాళ్లదే. దానికి బదులుగా దారి పక్కన అంగళ్లు పెట్టుకునే హక్కు ఇచ్చారు. చీపురు పట్టిన చేతులతో మొదలైన వీధి అది. ఇప్పుడు దాదాపు 90 కొట్లు.

ఆ కొట్లలో తెలుగువాడి చేయి తనంతట తాను పోయే మిఠాయి ఒకటుంది, కామినారి ఒకోషి. బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, పేలాలుగా వేయిస్తారు. వేడి పాకంలో వేరుశనగ గుళ్లతో కలిపి, చెక్క చట్రంలో పోసి, పైన కర్రతో అదిమి, చల్లారేలోపు గబగబా ముక్కలు కోస్తారు. ఆలస్యమైతే రాయిలా బిగుసుకుంటుంది. నోట్లో వేసుకుంటే మన మరమరాల ఉండే గుర్తొస్తుంది, బెల్లం వాసన ఒక్కటే తక్కువ. 1767లో కాలిపోయిన ఉరుముల ద్వారాన్ని 1795లో మళ్లీ కట్టినప్పుడు దీన్ని అమ్మడం మొదలెట్టారంటారు. ‘ఒకోసు’ అంటే లేవనెత్తడం. ఇల్లు లేవాలి, పేరు లేవాలి అన్న శుభాకాంక్షగా కొనుక్కెళ్లేవాళ్లు. పడ్డదాన్ని లేపడం ఈ పేటకు మిఠాయిలో కూడా ఇమిడిపోయిన అలవాటు.

పన్నెండంతస్తుల వింత

1868లో తోకుగావాల పాలన అంతమయ్యాక కొత్త ప్రభుత్వం గుడి భూములు తీసుకుని, 1873లో వాటిని ప్రజల పార్కుగా ప్రకటించింది. తర్వాత ఆ పార్కును భాగాలు చేసి అంకెలు వేసింది. ఆరో భాగం, జపాన్ భాషలో రొక్కు, వినోదాల గడ్డ అయింది. పక్కనే 1853లో పూలతోటగా తెరిచిన హనయాషికి ఉంది. అది క్రమంగా ఆటల పార్కుగా మారి, దేశంలో అత్యంత పాత వినోద పార్కుగా నేటికీ నడుస్తోంది. అక్కడి 1953 నాటి రోలర్ కోస్టర్ ఇళ్ల కప్పుల పక్కనుంచి రాసుకుపోతున్నట్టుగా తిరుగుతుంది.

1890లో రొక్కు పక్కన ఓ ఇటుకల బురుజు లేచింది. పన్నెండంతస్తులు. పేరు ర్యోఉన్‌కాకు, మేఘాలను మించిన మేడ. గీసిచ్చినవాడు స్కాట్లండ్ ఇంజనీరు విలియం బర్టన్. జపాన్‌లో మొట్టమొదటి కరెంటు లిఫ్టు అందులోనే పెట్టారు. భద్రత చాలదని ఏడాది తిరక్కుండానే దాన్ని ఆపించారు. అయినా జనం మెట్లెక్కి, ఒంటి అంతస్తు, రెండంతస్తుల చెక్క ఇళ్ల నగరాన్ని పైనుంచి చూసుకున్నారు. 1903లో దెంకికాన్ వచ్చింది, దేశంలో తొలి శాశ్వత సినిమా హాలు.

1923 సెప్టెంబరు 1 మధ్యాహ్నానికి రెండు నిమిషాల ముందు భూమి కంపించింది. బురుజు నడిమికి విరిగింది. మిగిలిన మొండిని సైన్యం మందుపెట్టి కూల్చింది. నకామిసె కొట్లు నేలమట్టమయ్యాయి. చుట్టూ మంటలు. సెన్సోజీ ప్రధానాలయం మాత్రం దక్కింది, ఆవరణలో చేరిన జనం నీళ్లు చల్లి కాపాడుకున్నారు. కొట్లు 1925లో కాంక్రీటుతో మళ్లీ లేచాయి. 1927 డిసెంబరు 30న ఆసియాలో తొలి భూగర్భ రైలు కూడా ఇక్కణ్ణుంచే పరుగుతీసింది, అసకుసా నుంచి ఉయెనోకు 2.2 కిలోమీటర్లు, టికెట్టు అప్పటి చిల్లర లెక్కలో 10 సెన్‌లు. మనం మెట్లెక్కి పైకొచ్చిన స్టేషను అదే.

ఒక్క రాత్రి

1945 మార్చి 10, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. అర్ధరాత్రి దాటాక అమెరికా విమానాలు నది ఇరువైపులా ఉన్న చెక్క ఇళ్ల మీద నిప్పు బాంబులు కురిపించాయి. ఆ ఒక్క రాత్రి టోక్యోలో సుమారు లక్షమంది చనిపోయారు. 1923లో కాపాడిన గుడే ఇప్పుడూ కాపాడుతుందని నమ్మి పరుగెత్తుకొచ్చినవాళ్లు ఎందరో. ఈసారి గుడి కూడా కాలిపోయింది. ఇయెమిత్సు కట్టించిన ఆలయం, గోపురం, హోజోమోన్ స్థానంలో అప్పుడున్న ద్వారం, అన్నీ బూడిద. మూలవిరాట్టును ముందే నేలలో దాచడంతో దక్కిందని గుడివారు చెబుతారు.

జాలరుల కోవెల నిలిచింది. తూర్పువైపు 1618 నాటి నితెన్‌మోన్ ద్వారం నిలిచింది. ఆవరణలో ఒక గింకో చెట్టు కూడా. దాని దగ్గరకెళ్లి చూడండి. మాను మీద బెరడు ఒకచోట నల్లగా బొగ్గుపట్టి ఉంటుంది. ఆ మసి 1945 నాటిది. పైన ఆకులు మాత్రం ప్రతి వసంతంలో పచ్చగా విచ్చుకుంటాయి. అసకుసా చూడవచ్చినవాళ్లలో ఎక్కువమంది దాన్ని దాటి వెళ్లిపోతారు. గుడికంటే ముందు ఆ చెట్టుకు దండం పెట్టాలని నాకనిపిస్తుంది.

మళ్లీ లేచిన గుడి

యుద్ధంలో ఓడిన దేశంలో తిండికే కటకట. అయినా జనం చందాలు పోగుచేసి 1958లో ఆలయాన్ని కాంక్రీటుతో, పాత రూపంలోనే లేపారు. ఉరుముల ద్వారం కథ ఇంకా పాతది. 1865లో కాలిపోయాక 95 ఏళ్లు ద్వారమే లేదు. ఖాళీ జాగాను ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చారు. కీళ్ల నొప్పితో బాధపడి, సెన్సోజీ ప్రధానార్చకుడి ప్రార్థనతో కోలుకున్నానని నమ్మిన మత్సుషితా కోనోసుకే అనే వ్యాపారవేత్త ఆ మొక్కు తీర్చుకునేందుకు 1960లో ద్వారాన్నీ లాంతరునూ సమర్పించాడు. నేటి పానాసోనిక్ సంస్థకు మూలపురుషుడాయన. లాంతరు వెదురూ కాగితమూ కాబట్టి సుమారు పదేళ్లకోసారి క్యోటోలో కొత్తది చేయించి తెస్తారు. 1964లో మరో వ్యాపారి ఒతానీ యోనెతారో విరాళంతో హోజోమోన్ లేచింది. దాని వెనకవైపు వేలాడే 4.5 మీటర్ల గడ్డి చెప్పుల జతను యమగతా ప్రాంతంలోని మురయామా ఊరివాళ్లు అల్లి పంపుతారు. ఇంత పెద్ద చెప్పులు తొడిగేవాడు కాపలా ఉన్నాడని చూసి భూతాలు పారిపోతాయట. 1973లో లేచిన గోపురంలో శ్రీలంకలోని అనురాధపురం నుంచి వచ్చిన బుద్ధధాతువు ఉంది. 2010లో ఆలయం కప్పు మీది బరువైన మట్టి పెంకులు తీసి టైటానియం పెంకులు వేశారు, భూకంపమొస్తే జనం మీద పడకూడదని. ప్రతి మరమ్మతులోనూ కింద నిలబడే మనిషే ఆలోచనలో ఉన్నాడు.

ఆవరణలో మరో ముచ్చట చీటీ తీయడం. నూరు యెన్‌లు పెట్టెలో వేసి, ఆరు పలకల లోహపు డబ్బాను గలగలలాడించి తలకిందులు చేస్తే సన్నని రంధ్రంలోంచి ఒక పుల్ల జారుతుంది. పుల్ల మీది అంకె చూసి, అదే అంకె ఉన్న సొరుగు లాగి చీటీ తీసుకోవాలి. నూటికి 17 మహాశుభం, 30 అశుభం. కాలక్రమంలో చాలా గుళ్లు అశుభాల్ని తగ్గించాయి, సెన్సోజీ మాత్రం పాత లెక్క మార్చలేదు. చెడు వచ్చిందని దిగులుపడక్కర్లేదు. చీటీని మడిచి అక్కడున్న తీగకు కట్టేసి, ధూపం దగ్గర పొగను చేతులతో ఒంటిమీదికి తోసుకుని, తేలికపడి వెళ్తారు.

మనవాళ్లకు ఇక్కడ చుట్టాలూ ఉన్నారు. ఆవరణ పక్క చిన్న గుట్ట మీద బెంతెన్ గుడి. బెంతెన్ అంటే సరస్వతి. ఆ గుట్టపై 1692లో పోతపోసిన గంట ఒకప్పుడు ఊరికి వేళ చెప్పేది. కాస్త ఈశాన్యంగా నడిస్తే మత్సుచియామా గుట్ట మీద కాంగితెన్ కోవెల. ఏనుగు తల ఉన్న ఆ స్వామి మన వినాయకుడే. ఆయనకు ఇక్కడ ఉండ్రాళ్లు పెట్టరు, తెల్ల ముల్లంగి సమర్పిస్తారు. ఆయన విగ్రహానికీ తెరే. ఈ పేటలో దేవుళ్లు కనపడటానికి తొందరపడరు.

లాంతరు మడిచే రోజు

ఏటా మే నెల మూడో వారాంతంలో సాంజా మత్సురి జరుగుతుంది. సాంజా అంటే ముగ్గురు. ఆ జాలరి సోదరులూ, ఊరి పెద్దా. చుట్టుపక్కల 44 వాడలనుంచి దాదాపు వంద పల్లకీలు కదులుతాయి. కొట్టువాడు, వడ్రంగి, ఆఫీసు ఉద్యోగి, అందరూ వాడ పేరు రాసిన ఒకేరకం చొక్కాలు తొడుక్కుని, పల్లకీని భుజాన మోస్తూ ఎగరేస్తూ నడుస్తారు. అలా కుదిపితేనే దేవుడికి ఉత్సాహమని వాళ్ల నమ్మకం.

పల్లకీలు ఉరుముల ద్వారం దగ్గరకు వచ్చేసరికి ఆ మహా లాంతరు అడ్డం. అప్పుడు దాన్ని అడుగునుంచి మడతలు మడతలుగా పైకి ముడుస్తారు. మనం ఫొటో దిగే వింత ఆ రోజు తన ఒళ్లు తాను కుదించుకుని దారి ఇస్తుంది. 1400 ఏళ్ల కిందట వల లాగిన భుజాల్ని, ఇప్పటి భుజాలు దాని కిందుగా మోసుకుపోతాయి. మూలవిరాట్టు తెర వెనకే ఉంటుంది. చూడాల్సిన ప్రాచీనత అప్పుడు మన ముందునుంచే నడిచి వెళ్తుంది.