ఆర్కిడ్లు, ఆవిరి, ఇటుకల బట్టీ

నీళ్ళెక్కువై చచ్చిపోయే మొక్కని తీసుకెళ్ళి నీళ్ళల్లోనే పెట్టమంటే ఎవరైనా నవ్వుతారు. సెమీ హైడ్రోపోనిక్స్ పద్ధతిలో ఆర్కిడ్‌ని కుండీ మార్చడం అంటే దాదాపు అదే. పాత కుండీలోంచి మొక్కని తీసి, వేళ్ళకంటుకున్న నాచు, బెరడు ముక్కలు కడిగేసి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, కాల్చిన మట్టి గుళికల్లో నాటుతారు. చిల్లులు కుండీ అడుగున కాకుండా, ఓ అంగుళం పైన పక్కకి ఉంటాయి. అడుగున నిలిచిన నీళ్ళని గుళికలు దీపం వత్తిలా పైకి పీలుస్తాయి. గుళికల మధ్య సందుల్లో గాలి ఆడుతుంది. కిటుకంతా ఆ గాలిలోనే ఉంది.

ఇంత చిన్న సంగతి తలకెక్కక ముందు ఎన్ని మొక్కలు బలైపోయాయో లెక్కలేదు.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్ దొరలకి ఆర్కిడ్ల పిచ్చి పట్టింది. వేడి దేశాల మొక్కలు కదా, వేడీ చెమ్మా నీడా కావాలనుకున్నారు. 1830లో జాన్ లిండ్లీ అంతటి వృక్షశాస్త్రజ్ఞుడే ఆ సలహా ఇచ్చాడు. ఇంకేముంది, తలుపులు బిగించిన గాజు ఇళ్ళల్లో ఆవిరి పట్టారు. మొక్కలు ఉడికి చచ్చాయి. మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ తప్పుగా రాసుకుని కోడ్ మాత్రం బ్రహ్మాండంగా రాశారన్నమాట.

చాట్స్‌వర్త్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ లాంటి వాళ్ళు 1830లలోనే వేడి తగ్గించి, గాలి రానిచ్చి చూశారు. ఆయన 1835లో జాన్ గిబ్సన్ అనే తోటమాలిని మన దేశానికి పంపితే, ఖాసీ కొండల నుంచి బోలెడన్ని ఆర్కిడ్లు పట్టుకెళ్ళాడు.

అవే కొండలకి 1850లో జోసెఫ్ హుకర్ వెళ్ళాడు. అక్కడ 3000 నుంచి 4000 అడుగుల ఎత్తులో, ఆకులు పల్చగా ఉన్న గిడసబారిన చెట్ల మీద నీలి వాండా పూసి ఉంది. వేళ్ళు గరుకు బెరడు మీద పాకి ఎండకీ వానకీ గాలికీ బయటే ఉన్నాయి. పగలు బెరడు పొడిగా ఉంటుంది, చలికాలంలో నేల మీద మంచు పేరుకుంటుంది. ఇంగ్లండ్‌లో మనం చేసేదానికి ఇదంతా పూర్తిగా వ్యతిరేకం అని 1854లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు.

అంత చక్కగా గమనించిన మనిషి ఏం చేశాడు? ఏడుగురు కూలీలు మోసేంత వాండా కోయించి క్యూ తోటకి పంపాడు. ప్రాణంతో చేరినవి కొన్నే. వేరే పెద్దమనిషి ఒక్క కూలీ మోతంత పంపితే, వడలిపోయి చేరినా 300 పౌండ్లు పలికిందట. ఇక కొండల మీద మిగులుతాయా! నీలి వాండాని చివరికి మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చేర్చాల్సి వచ్చింది.

ఆ వేళ్ళ మీద వెలమెన్ అనే స్పాంజి లాంటి పొర ఉంటుంది. వాన పడగానే గబుక్కున తాగేస్తుంది. తర్వాత గాలి తగలకపోతే వేరు కుళ్ళుతుంది. అందుకే తోటమాలులు ఫెర్న్ వేళ్ళు వాడారు, తర్వాత బెరడు ముక్కలు వాడారు. రెండూ బాగానే పనిచేస్తాయి, కానీ కొన్నేళ్ళకి చివికి ముద్దయిపోయి గాలి ఆగిపోతుంది. మళ్ళీ కుండీ మార్చాలి.

మట్టి గుళిక చివకదు. దాని కథ మొదలైంది ఇటుకల బట్టీలో. కాన్సాస్ సిటీలో స్టీఫెన్ హేడ్ అనే ఇటుకల తయారీదారు, బట్టీలో ఉబ్బిపోయి పారేయాల్సిన ఇటుకలు తేలిగ్గా, గట్టిగా ఉన్నాయని గమనించి 1918లో పేటెంట్ తీసుకున్నాడు. మొదట దానితో కాంక్రీటు ఓడలు కట్టారు! ఆ సూత్రంతోనే కాల్చిన గుళికలు తర్వాతెప్పుడో పూలకుండీల్లోకి వచ్చాయి.

చివరిగా ఒక్క మాట. పొడి బెరడుకి అలవాటుపడ్డ పాత వేళ్ళు గుళికల్లో చాలావరకు చచ్చిపోతాయి. ఆ చెమ్మలో పుట్టిన కొత్త వేళ్ళే అక్కడ బతుకుతాయి. కాబట్టి పచ్చటి కొత్త వేరు మొన కనిపించేదాకా ఆగి, అప్పుడు కుండీ మార్చండి. తొందరపడితే దొరలకీ మనకీ తేడా ఉండదు.