చీనీఖానాలో వెలుగు

హైదరాబాదు పాతనగరంలో, మూసీనదికి దక్షిణపు ఒడ్డున, దివాన్ దేవిడీ అనే విశాలమైన మహలు ఉండేది. అది సాలార్‌జంగ్ వంశీయుల నివాసం. 1853 నుండి 1883లో మరణించేవరకు నిజాం ప్రభుత్వంలో దివానుగా పనిచేసిన మొదటి సాలార్‌జంగ్ ఈ వంశంలో ప్రసిద్ధుడు. ఆ మహలులో ‘చీనీఖానా’ అనే గది ఒకటి ఉండేది. దాని గోడలను పింగాణీ పళ్లెములతో, గిన్నెలతో అలంకరించారు. 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియం మొదట ఈ దేవిడీలోనే వెలిసింది. 1968లో ఇప్పటి భవనానికి మారింది. తరువాత దేవిడీలోని కట్టడాలు చాలవరకు రూపుమాసిపోయాయి. చీనీఖానా ఎట్లా ఉండేదో నేటివారికి చెప్పగలిగినది ముఖ్యంగా ఒక ఛాయాచిత్రం. 1880ల దశకంలో లాలా దీన్‌దయాళ్ తీసిన ఆ చిత్రం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో, కర్జన్ సంగ్రహంలో ఉన్నది.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ, 1874 ప్రాంతంలో ఛాయాగ్రహణం చేపట్టాడు. తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, ‘రాజా ముసవ్విర్ జంగ్’ అనే బిరుదు పొందాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1905లో కాలధర్మం చెందాడు.

మెరిసే వస్తువులతో నిండిన గదిని చిత్రించడం ఎందుకు కష్టమో తెలియాలంటే కాంతి ధర్మాలను కొంచెం పరిశీలించాలి.

కదలని వస్తువులు, కదిలే కాంతి

ఛాయాగ్రహణం పుట్టిన తొలిరోజుల్లో నిశ్చల వస్తువులే దానికి అనువైన విషయాలు. ఒక్కొక్క చిత్రానికి నిమిషాల కొలది వెలుగు కావలసి వచ్చేది. మనుష్యులు అంతసేపు కదలకుండా ఉండలేరు, గిన్నెలు ఉండగలవు. ఫ్రాన్సులో డాగెర్ 1837లోనే బొమ్మలు మొదలైన వస్తువులు అమర్చి చిత్రం తీశాడు. ఇంగ్లండులో టాల్బట్ 1844లో ప్రకటించడం ప్రారంభించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ గ్రంథంలో పింగాణీ సామానుకు ఒక చిత్రం, గాజు సామానుకు వేరొక చిత్రం ఉన్నాయి. రెండింటినీ కలిపి తీస్తే చిత్రం సరిగా రాదని ఆయన గమనించాడు. తెల్లని పింగాణీ బొమ్మ పూర్తి అయ్యేసరికి గాజు బొమ్మ సరిగా మొదలైనా కాదు.

పింగాణీ గిన్నె మీద పడిన కాంతి రెండు విధాల వెనుకకు వస్తుంది. తెల్లని మట్టిభాగం కాంతిని అన్ని దిక్కులకు చెదరగొడుతుంది. గిన్నె రంగూ, దానిపైని లతలూ మనకు కనిపించేది ఈ చెదరిన కాంతి వల్లనే. పైనున్న నున్నని గాజుపూత మాత్రం అద్దంవలె పనిచేస్తుంది. అక్కడ పతన కోణం, పరావర్తన కోణం సమానం. పూత మీద నిటారుగా పడిన కాంతిలో నూటికి సుమారు నాలుగు వంతులు మాత్రమే ఇట్లా పరావర్తనం చెందుతుంది.

నాలుగు వంతులే కదా అని తీసివేయరాదు. కిటికీ కాంతి తీవ్రత, గిన్నె తెలుపు తీవ్రతకు నూరు రెట్లు ఉన్నదనుకొందాం. అందులో నూటికి నాలుగు వంతులంటే గిన్నె తెలుపుకు నాలుగు రెట్లు. కిటికీ ప్రతిబింబం పడినచోట గిన్నె సొంత వెలుగు కూడ కలిసి మొత్తం ఐదు రెట్లవుతుంది. అక్కడ లత గాని పువ్వు గాని ఉంటే ఆ మెరుపులో మునిగిపోతుంది.

బల్లపరుపు అద్దమైతే కెమెరాను కాస్త జరిపి ప్రతిబింబాన్ని తప్పించుకోవచ్చు. ఉబ్బెత్తు గిన్నెతో అది సాధ్యం కాదు. దాని ఉపరితలం అనేక దిక్కులకు తిరిగి ఉంటుంది గనుక, ఏదో ఒక బిందువు వద్ద కోణాలు సరిపోయి కిటికీ మెరుస్తుంది. గోడనిండా గిన్నెలున్న గదిలో ఒక్కొక్క గిన్నె ఒక్కొక్క చిన్న కుంభాకార దర్పణం.

గాజుపలక చేసే మాయ

1871లో ఇంగ్లండులో మాడాక్స్ జెలటిన్ పొడిపలకలకు మార్గం చూపిన తరువాత ఛాయాగ్రాహకుల పని సులువైంది. కాని ఆనాటి సాధారణ పలకలు నీలి, ఊదా కాంతులకే బాగా స్పందించేవి. నీలిరంగు లతలున్న తెల్లని పింగాణీని తీస్తే నీలం దాదాపు తెల్లగా పడి లత వెలవెలబోయేది. ఎర్రని పువ్వు నల్లగా పడేది. పలకలో రంగుద్రవ్యాలు కలిపి ఈ లోపాన్ని తగ్గించవచ్చునని 1873లో జర్మనీలో ఫోగెల్ చూపాడు.

ఇంకొక చిక్కు కూడ ఉండేది. తీవ్రమైన కాంతి పలక మీది పూతను దాటి, గాజు వెనుకతలం మీద పరావర్తనం చెంది, మళ్లీ పూతను తాకుతుంది. అందువల్ల కిటికీ చుట్టూ, మెరుపు చుట్టూ మబ్బువంటి వలయం ఏర్పడుతుంది. పలక వెనుక ముదురు రంగు పూస్తే ఆ కాంతి అక్కడే ఇంకిపోతుంది.

మెరుపును తగ్గించే ఉపాయాలు

మెరుపును తగ్గించే ముఖ్యోపాయం వెలుగును పెద్దది చేయడం. ఒకే మొత్తం కాంతిని నాలుగు రెట్లు వైశాల్యమున్న తెరగుండా పంపితే, తెరలో ప్రతి భాగం తీవ్రత నాలుగవ వంతు అవుతుంది. గిన్నె మీద పడే వెలుగు సుమారుగా అంతే. మెరుపు మాత్రం నాలుగవ వంతు. ఎండ తగిలే కిటికీకి పలుచని తెల్లగుడ్డ కట్టడం ఇందుకే. వస్తువుకు రెండవ పక్క తెల్లని అట్ట నిలబెడితే నీడలు మెత్తబడతాయి.

రెండవ ఉపాయం ధ్రువణం. 1808లో మాలస్ పారిస్‌లో ఒక భవనపు కిటికీ అద్దాల నుండి పరావర్తనం చెందిన సూర్యకాంతిని స్ఫటికం గుండా చూచి, అది ధ్రువణం చెందినదని కనిపెట్టాడు. అది పూర్తిగా జరిగే కోణం ఎంతో 1815లో బ్రూస్టర్ సూత్రీకరించాడు. గాజుకు అది సుమారు 56 డిగ్రీలు. ఆ కోణంలో వచ్చే మెరుపును ధ్రువణ ఫలకం తిప్పి తొలగించవచ్చు. అయితే చౌకగా లభించే ధ్రువణ ఫలకాలు 1929లో ఎడ్విన్ లాండ్ కృషితో మొదలైనవే. దీన్‌దయాళ్ కాలానికి అవి లేవు. పైగా ఈ ఉపాయం లోహాల మీద పనిచేయదు. బీదరు పనితనపు హుక్కా మీది వెండి తీగల మెరుపుకు నేటికీ పెద్ద తెల్లని తెరయే మందు.

విద్యార్థులు దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చు. గదిని చీకటి చేసి, స్టీలు గ్లాసు పక్కన ఒక దీపం ఉంచి చూస్తే, గ్లాసు మీద సన్నని తీక్ష్ణమైన మెరుపు కనిపిస్తుంది. దీపానికీ గ్లాసుకూ మధ్య తెల్లని పలుచని పంచె పరచి పట్టుకొంటే ఆ మెరుపు వెడల్పై మెత్తబడుతుంది. గ్లాసు గుండ్రదనం స్పష్టమవుతుంది. గుడ్డకు నిప్పు అంటకుండా విద్యుద్దీపమే వాడి, దానిని దూరంగా పెట్టాలి.

ఛాయాచిత్రంలో మెరుపు మింగివేసిన భాగాన్ని తరువాత ఎవరూ తిరిగి తేలేరు. వస్తువు నిలిచి ఉన్నంతకాలం ఇది చిన్న లోపం, మళ్లీ తీయవచ్చు. గదే అదృశ్యమైనప్పుడు ఆ లోపం చరిత్రలో ఖాళీ అవుతుంది. నేడు గ్రామాలలోని పాత ఇండ్లను, గుడి పాత్రలను, తాళపత్రాలను సెల్‌ఫోనుతో చిత్రించే విద్యార్థులు బొత్తాం నొక్కేముందు వెలుగు ఎటునుండి వస్తున్నదో ఒక్క క్షణం చూడటం అందుకే అవసరం.