ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్ స్విచ్: ఎంపిక చరిత్ర

గేట్‌కు ఇచ్చిన వోల్టేజీతో కరెంటును పారించే, ఆపే అర్ధవాహక పరికరం ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్ (ఫెట్). ఏ పనికి ఏ రకమన్నది ముఖ్యంగా వోల్టేజీ, వేడి తేలుస్తాయి. గోదావరి డెల్టాలో ఇంటి ఇన్వర్టర్‌కు ఒక రకం, రొయ్యల చెరువు గట్టున మోటారు డ్రైవ్‌కు మరో రకం సరిపోవడానికి కారణం అదే.

భౌతిక శాస్త్రవేత్త లిలియన్‌ఫెల్డ్ 1925లోనే దీని పేటెంటుకు దరఖాస్తు చేసినా, పరికరం చేతికి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1952లో ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తల్లో ఒకరైన షాక్లీ జంక్షన్ ఫెట్ (జేఫెట్) సిద్ధాంతాన్ని ప్రకటించారు. జేఫెట్ గేట్‌కు వోల్టేజీ లేనప్పుడు ఆన్‌లోనే ఉంటుంది. నియంత్రణ సర్క్యూట్ పని మొదలుపెట్టేలోపే మోటారు తిరిగిపోతుంది. స్విచ్‌కు ఇది పెద్ద లోపం. 1959లో బెల్ ల్యాబ్స్‌లో అటల్లా, కాంగ్ తయారుచేసిన, ఆక్సైడ్ పొర గేట్‌ను వేరుచేసే మోస్‌ఫెట్‌తో, మామూలుగా ఆఫ్‌లో ఉండే స్విచ్ సాధ్యమైంది. ఆక్సైడ్ పొరలో మలినాల వల్ల మొదట్లో పీ-చానెల్ రకమే నమ్మకంగా పనిచేసింది. 1971 నాటి ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసర్‌లోనూ అదే రకం. మలినాలను అదుపు చేశాక ఎన్-చానెల్ ముందుకొచ్చింది. సిలికాన్‌లో ఎన్-చానెల్‌ను నడిపే ఎలక్ట్రాన్ల చలనశీలత పీ-చానెల్‌ను నడిపే హోల్స్ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి, అదే పరిమాణంలో ఎన్-చానెల్ నిరోధం తక్కువ.

మోస్ చిప్పులు మార్కెట్లో నిలదొక్కుకుంటున్న 1967లోనే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఏర్పడింది. దాని తొలి సారథి అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. భారత ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ చరిత్రలో డెల్టాకు చోటిచ్చిన పేరు ఆయనది.

1970ల చివర్లో నిలువు నిర్మాణపు పవర్ మోస్‌ఫెట్లు వచ్చాయి. ఇంటి ఇన్వర్టర్‌లో 12 వోల్టుల బ్యాటరీ నుంచి 600 వాట్లు తీయాలంటే 50 ఆంపియర్లు పారాలి. మోస్‌ఫెట్ నిరోధం 10 మిల్లీఓములైనా 25 వాట్లు వేడిగా పోతాయి. పైగా డేటాషీట్ అంకె 25 డిగ్రీల దగ్గరిది. రాజమహేంద్రవరం మే ఎండలో, లోపల కాగిన చిప్‌లో నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే. అందుకే కొన్నింటిని సమాంతరంగా కలుపుతారు. వేడెక్కిన దాని నిరోధం పెరిగి, కరెంటు మిగతావాటికి మళ్లుతుంది.

ఎక్కువ వోల్టేజీకి ఈ లెక్క చెల్లదు. సిలికాన్ మోస్‌ఫెట్ తట్టుకోవలసిన వోల్టేజీ రెట్టింపైతే నిరోధం సుమారు ఐదారు రెట్లవుతుంది. చెరువు గట్టు మోటారుకు వచ్చే 415 వోల్టుల త్రీఫేజ్‌ను డీసీ చేస్తే 587 వోల్టుల దాకా వస్తుంది. అక్కడ 1980ల నాటి ఐజీబీటీ (ఇన్సులేటెడ్ గేట్ బైపోలార్ ట్రాన్సిస్టర్) నెగ్గింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో దాన్ని తీర్చిదిద్దిన బి. జయంత్ బాలిగా మద్రాసులో పుట్టారు. దాని గేట్ మోస్‌ఫెట్‌దే, కరెంటు మోసే తీరు బైపోలార్‌ది. అందులో పోయే రెండు వోల్టులు 587లో లెక్కలోకి రావు. 12 వోల్టుల్లో మాత్రం ఆరో వంతు.

2010 ప్రాంతంలో గాలియం నైట్రైడ్, సిలికాన్ కార్బైడ్ పవర్ ఫెట్లు మార్కెట్లోకొచ్చి ఈ హద్దులను మళ్లీ జరిపాయి.

చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులతో పనిచేసేవారు గేట్ వోల్టేజీని తప్పక చూడాలి. డేటాషీట్‌లోని త్రెషోల్డ్, కరెంటు పారడం మొదలయ్యే వోల్టేజీ మాత్రమే. ఐఆర్ఎఫ్540 నిరోధాన్ని 10 వోల్టుల దగ్గర ఇస్తారు. 5 వోల్టుల బోర్డుకు ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ వంటి లాజిక్ లెవెల్ రకం కావాలి.