పిల్లలు అడిగినప్పుడు
(మన రెండు జిల్లాల మ్యూజియములు, అక్కడి జనకూటములు, మన సంఘ జ్ఞాపకములు)

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన సంగతి మనకందరికీ తెలిసినదే. నది నడుమనుండి పన్నెండు రాళ్లు ఎత్తి తెచ్చి గిల్గాలులో నిలువబెట్టినారు. అయితే రాళ్లు నిలుపుటతో యెహోషువ పని ముగించలేదు. రేపు పిల్లలు వాటిని చూచి ఇవేమిటని అడుగుదురనీ, అప్పుడు పెద్దలు జవాబు చెప్పవలెననీ బాధ్యత అప్పగించినాడు. రాయి సగము, చెప్పే మనిషి సగము. రెండూ కలిస్తేనే జ్ఞాపకము నిలుస్తుంది.

మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలో రాళ్లకు కొదువ లేదు. మరి చెప్పేవారు, వినుటకు కూడేవారు ఎక్కడ ఉన్నారు? వారినుండి మన సంఘములు ఏమి నేర్చుకొనవచ్చును? ఈ శతాబ్ది సమయములో ఆ సంగతి కొంత ఆలోచింతము.

కరీంనగరము: వస్తువులు ముందు, జనము తరువాత

కరీంనగరములో గాంధీ శతజయంతి పేరు పెట్టుకొన్న పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. మన పిల్లలు చదువుకొనే బడులకు అది దూరము కాదు. అయినా మనలో ఎంతమందిమి దాని గడప తొక్కినామో ఎవరికి వారే చెప్పుకొనవలెను.

దాని వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు, ధూళికట్ట, గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల, ఈ మూడు చోట్ల డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రిగారి కాలములో రాష్ట్ర పురావస్తు శాఖవారు తవ్వకాలు జరిపించినారు. పెద్దబంకూరులో ఇటుకలతో కట్టిన బావులు, ఇనుప పనిముట్లు, నాణేల రాశులు బయటపడ్డవి. ధూళికట్టలో మట్టికోటతోపాటు బౌద్ధ స్తూపము, పడగ విప్పిన నాగము చెక్కిన పలకలు దొరికినవి. కోటిలింగాలలో శాతవాహన వంశమునకు మొదటివాడైన చిముకుని నాణేలు దొరికినవి. ఆయనకంటె ముందటివారైన గోబద, నారన, కంవాయ, సమగోప అనే పాలకుల నాణేలు కూడా దొరికినవి. శాతవాహనుల తొలి అడుగులు మన గోదావరి తీరముననే పడ్డవని చెప్పుటకు ఇవి గట్టి ఆధారములైనవి.

ఇందులో గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. కోటిలింగాల నాణేలను మొదట ఏరి దాచినది సర్కారు కాదు. ధర్మపురి వాస్తవ్యులు సంగనభట్ల నరహరి శర్మగారు వాటిని సేకరించినారు. డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి లోకానికి తెలిపినారు. వాన వెలిసిన తరువాత దిబ్బమీద తళుక్కుమన్న రాగి బిళ్లను పారవేయక దాచిపెట్టిన చేతులవలననే ఒక రాజవంశపు చరిత్ర మారింది. తరువాత శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టినప్పుడు గోదావరి నీరు ఒడ్డులకు ఎక్కింది. రెండు జిల్లాలలో ఎన్నో ఊళ్లు లేచిపోవలసి వచ్చింది. ఊరు మునిగితే ఇండ్లతోపాటు గుడి, బడి, సమాధులు కూడా మునుగును. ముందుగా ఏరి దాచుకొన్నదే మనకు మిగులును.

ఇట్టి ప్రదర్శనశాలలకు జనమును రప్పించుటకు రెండు మంచి సందర్భములున్నవి. 1977 నుండి మే 18వ తేదీని అంతర్జాతీయ మ్యూజియము దినముగా జరుపుచున్నారు. నవంబరు 19 నుండి 25 వరకు వారసత్వ వారము. మన ఆదివార బడి ఉపాధ్యాయులు ఆ రోజులలో పిల్లలను వెంటబెట్టుకొని పోవచ్చును. ఊరికే చూపించి తిరిగి రావద్దు. ఒక్క వస్తువు దగ్గర నిలిపి, దీనిని ఎవరు చేసి ఉందురు, ఎందుకు చేసి ఉందురు అని అడిగించవలెను.

జోడేఘాట్: జనము ముందు, మ్యూజియము తరువాత

ఆదిలాబాదు అడవులలో దారి వేరు. కెరమెరి మండలములోని జోడేఘాట్ గుట్టలమీద, 1940లో, నిజాము పోలీసుల తుపాకులకు కొమురం భీము, ఆయన సహచరులు నేలకొరిగినారు. దున్నుకొనుటకు భూమి, బ్రతుకుటకు అడవి, త్రాగుటకు నీరు తమవేనని అడిగినందుకు వచ్చిన చావు అది. ఆయన వర్ధంతిని గోండులు ఇంగ్లీషు తేదీ లెక్కన కాక ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకొందురు. రాళ్ల బాటలో ఎడ్లబండ్లు కట్టుకొని, కాలినడకన, పిల్లాజెల్లాతో గుట్ట ఎక్కిన తరములున్నవి. అప్పటికి అక్కడ మ్యూజియము లేదు. 2016లో స్మారకము, గిరిజన మ్యూజియము వెలసినవి. గోండుల వాద్యములు, ఆభరణములు, పనిముట్లు, వారి జీవితమును చూపు బొమ్మలు అందులో ఉంచినారు.

వర్ధంతి నాడు అక్కడ పూజ జరుగును, డోళ్లు మ్రోగును. తరువాత దర్బారు కూర్చుండును. అధికారులు ముందుకు వచ్చి కూర్చుంటే, పట్టా రాలేదని, బాట లేదని, నీళ్లు లేవని జనము అర్జీలు పెట్టుకొందురు. చనిపోయిన వీరుని తలచుకొనుట, బ్రతికి ఉన్నవారి కష్టము చెప్పుకొనుట, రెండూ ఒకే పందిరి క్రింద జరుగును. అందుకే అది చల్లారిపోలేదు. పాత సంగతికి నేటి ఆకలితో సంబంధము ఉన్నంతకాలము జనము వచ్చుదురు.

జైనూరు మండలము మార్లవాయిలో మరొక కూటమి ఉన్నది. భీము మరణము తరువాత నిజాము ప్రభుత్వ కాలములో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త గోండుల నడుమ నివసించి వారి జీవితమును వ్రాసినాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము ఏర్పడుటకు కారకుడైనాడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాదులో చనిపోగా, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసినారు. ఆయన 1995లో లండనులో మరణించినాడు. ఆయన అస్థికలు 2012లో ఆమె ప్రక్కకు చేరినవి. ఏటా జనవరి 11న గోండులు ఆ రెండు సమాధుల దగ్గర కూడుదురు. వారు రక్తసంబంధికులు కారు, భాష ఒకటి కాదు. తమ మాటను విని వ్రాసిపెట్టినవారిని ఆ జనము మరువలేదు.

మన సంఘముల పెట్టెలలో ఏమున్నది?

ఇక మన సంగతి. 1879లో సికిందరాబాదులో విలియం బర్జెస్ దొరగారు ఆరంభించిన వెస్లియన్ మిషను పని తరువాతి దశాబ్దములలో మన తెలంగాణ జిల్లాలకు ప్రాకింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. 1978లో కరీంనగరు అధ్యక్ష మండలము ఏర్పడింది. ఈ తేదీలు మనము ప్రతి సభలో చెప్పుకొందుము. మెదకు మహా దేవాలయమును పోస్నెట్ దొరగారు కరువు కాలములో జనమునకు పని, అన్నము కల్పించుచు కట్టించినారనీ, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినదనీ మన పిల్లలకు కూడా తెలుసును. అయితే ఆ రాళ్లు మోసిన తల్లులు, తండ్రుల పేర్లు మనలో ఎందరికి తెలుసును?

మ్యూజియములో రాజు నాణెము ఉంటుంది. ఆ నాణెము పోసిన పనివాని పేరు ఉండదు. కాని మన సంఘముల పాత బాప్తిస్మపు రిజిస్టర్లు వేరు రకము. వెట్టిచాకిరి చేసిన మాల, మాదిగ పల్లెల మనుషులకు, ఒకరి జీతగాడు, ఒకరి కూలి అని కాక, ఫలానా తండ్రి, ఫలానా తల్లి, ఫలానా ఊరు అని పేరుపెట్టి గౌరవముగా వ్రాసినవి ఆ పుటలే. చాలా కుటుంబములకు తమ ముత్తాత పేరు సిరాతో కనిపించు చోటు అదొక్కటే. కోటిలింగాల నాణెము శాతవాహనులకు ఎంతటిదో, ఆ పుట మనకు అంతటిది.

నేనెరిగిన ఒక సంఘములో ఒక ముసలమ్మ తన తల్లి బాప్తిస్మము ఎన్నడు జరిగినదో చూడమని వచ్చింది. ట్రంకు పెట్టె తెరిస్తే ఆ సంవత్సరముల కట్ట చెదలు పట్టి ముద్దయి ఉన్నది. ఎవరినీ తప్పుపట్టుటకు చెప్పుటలేదు. అందరమూ ఎవరో చూచుకొందురనే అనుకొన్నాము. ఆమె కాసేపు కూర్చుండి, "అయితే మా అమ్మ లేదన్నట్టేనా అయ్యగారూ" అని అడిగి లేచి పోయింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

చేయదగిన పనులు

దీనికి పెద్ద భవనము, పెద్ద చందా అక్కరలేదు. రిజిస్టర్లను నేలమీద, గోడ వారగా పెట్టక, ఎత్తైన ఇనుప బీరువాలో ఉతికి ఆరవేసిన నూలు గుడ్డలో చుట్టి ఉంచవలెను. చినిగిన పుటలకు జిగురు టేపు అంటించవద్దు, కొన్నేండ్లకు అదే కాగితమును తినివేయును. ప్లాస్టిక్ పొర కూడా వేయించవద్దు. ప్రతి పుటను ఫోటో తీయించి, ఒక ప్రతి సంఘములో, ఒక ప్రతి అధ్యక్ష మండల కార్యాలయములో ఉంచవలెను. పాత ఫోటోల వెనుక, అందులోనివారి పేర్లను మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. పేర్లు చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఆ పని జరుగవలెను.

జోడేఘాట్ నేర్పిన పాఠము ప్రకారము, ముందు కూటమి కావలెను, గది తరువాత రావచ్చును. కోతకాల పండుగనాడు జనము ఎట్లాగూ వచ్చుదురు. ఆ మధ్యాహ్నము మందిర ఆవరణలో ఒక బల్ల వేసి, పాత బైబిలు, పాత ప్రార్థన పుస్తకము, తాతల కాలపు ఫోటోలు, మిషను బడి సర్టిఫికెట్టు, ఎవరింటిలో ఏది ఉంటే అది తెచ్చి పెట్టుదురు గాక. సాయంకాలము తిరిగి తీసుకొనిపోవచ్చును. ప్రతి వస్తువు ప్రక్కన దానిని తెచ్చిన పెద్దమనిషి కూర్చుండవలెను. పిల్లలు అడుగవలెను, వారు చెప్పవలెను. యువజనులు వ్రాసుకొనవలెను. ఆ రోజే విధవరాండ్ర పింఛను, చదువు మానిన పిల్లల సంగతి కూడా మాట్లాడుకొందుము. అప్పుడు అది చూచిపోయే ప్రదర్శనముగా మిగిలిపోదు, సంఘ కార్యమగును.

నూరేండ్లు మనలను నడిపించిన దేవుడు మన పితరులలో ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి ఎరిగియున్నాడు. ఆయన మరువని పేర్లను మనము చెదలకు అప్పగింపకుందుము గాక. ఈసారి ఆ ముసలమ్మవంటి తల్లి వచ్చి అడిగినప్పుడు, పుట తెరిచి, వ్రేలు పెట్టి, "ఇదిగో అమ్మా, ఇక్కడ ఉన్నది" అని చూపగల సంఘములుగా ప్రభువు మనలను చేయును గాక. ఆమేన్.