బాహ్య డ్రైవును సాగనంపు విధము

ఒక ఫైలును యూఎస్‌బీ డ్రైవులోనికి నకలు చేయుమని కంప్యూటరును ఆజ్ఞాపింతుము. క్షణములో పని ముగిసినట్లు తోచును. వెంటనే డ్రైవును ఊడదీసినచో ఒక్కొక్కప్పుడు ఫైలు సగమే దక్కును. యంత్రము అబద్ధమాడినదా? దీనికి సమాధానము యాభై ఏండ్లకు పైబడిన చరిత్రలో కలదు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యునిక్స్ నిర్వహణ వ్యవస్థకు శ్రీకారము చుట్టిరి. మెమరీ వేగము గలది; డిస్కు దానికంటె ఎంతో నెమ్మది. కనుక వ్రాయవలసిన సమాచారమును ముందు మెమరీలో నిలిపి, పిమ్మట డిస్కునకు చేర్చు పద్ధతిని అనుసరించిరి. వర్తకుడు పగలెల్ల చిట్టాలో వ్రాసికొని, రాత్రి ఆవర్జాకు ఎక్కించును గదా! ఎక్కించక ముందే చిట్టా పోయినచో ఆనాటి లెక్క పోయినట్లే.

ఈ ప్రమాదమును నిర్మాతలు ఎరుగుదురు. 1971 నవంబరు నాటి మొదటి కరదీపికలోనే డిస్కును వ్యవస్థతో కలుపుటకు ‘మౌంట్’, విడదీయుటకు ‘యుమౌంట్’ అను ఆదేశములు కలవు. అన్‌మౌంట్ అను మాటలో ‘ఎన్’ అక్షరము లోపించిన రూపమిది. నేటికిని అట్లే నిలిచినది. మెమరీలోని బాకీని డిస్కునకు చెల్లించు ఆదేశము ‘సింక్’. 1979లో వెలువడిన ఏడవ కూర్పులో ‘అప్‌డేట్’ అను ప్రోగ్రాము ప్రతి 30 సెకండ్లకు సింక్‌ను నడుపుచుండెను. యంత్రమును ఆపుటకు ముందు సింక్‌ను మూడుసార్లు టైపు చేయుట నిర్వాహకుల ఆచారము. తరువాతి రెండుసార్లు టైపు చేయులోపల మొదటి సింక్ ప్రారంభించిన వ్రాత పూర్తియగునని వారి తలంపు.

ఆ కాలమున పీడీపీ-11 యంత్రములకు అమర్చిన ఆర్‌కే05 డిస్కు పెట్టెలో దాదాపు 25 లక్షల బైట్లు పట్టెడివి. దానిని తీయవలెనన్న మీట నొక్కి, డిస్కు తిరుగుట ఆగి దీపము వెలుగువరకు వేచియుండవలెను. తొందరపాటుకు యంత్రమే అడ్డు నిలిచెను.

1996లో వచ్చిన యూఎస్‌బీ ఈ అడ్డును తొలగించినది. దాని ప్లగ్గులో విద్యుత్తునిచ్చు కొనలు సమాచారపు కొనలకంటె పొడవు. అందువలన విద్యుత్తు ముందుగా అందును, చివర తెగును. ఇది విద్యుత్ వలయములకు రక్షయే గాని, చిట్టాలో మిగిలిన లెక్కకు రక్ష కాదు.

లైనక్స్‌లో యుమౌంట్ ముగిసినచో ఆ లెక్క చెల్లినట్లే. డ్రైవు పనిలో ఉన్నదని వ్యవస్థ నిరాకరించినచో, ఏదో ప్రోగ్రాము అందలి ఫైలును తెరచియుంచినదని గాని, మన టెర్మినలే ఆ డ్రైవులోని డైరెక్టరీలో నిలిచియున్నదని గాని తెలిసికొనవలెను. అయినను తిరుగు పళ్లెములు గల హార్డ్‌డిస్కు ఇంకను తిరుగుచునే యుండవచ్చును. అప్పుడు తీగను లాగినచో, పళ్లెముల భ్రమణములో మిగిలిన శక్తితో డ్రైవు తన వ్రాతముల్లును హఠాత్తుగా వెనుకకు తీసికొనును. ఇది ఆపద్ధర్మమే గాని నిత్యకృత్యము కారాదు. అందుకే యుడిస్క్స్ అను సాధనములో ‘పవర్-ఆఫ్’ ఆదేశమును చేర్చిరి. అది డ్రైవును ఎవరును వాడుట లేదని చూచి, మిగిలిన సమాచారమును వ్రాయించి, తుదకు ఆ యూఎస్‌బీ ద్వారమునే మూసివేయును.

కావున యంత్రము అబద్ధమాడలేదు, చిట్టావరకే వ్రాసినది. ఆవర్జాకు ఎక్కువరకు ఆగుట మన వంతు. ముందు యుమౌంట్, పిదప పవర్-ఆఫ్, ఆ తరువాతనే తీగపై చేయి వేయవలెను.