సన్నమెడ సీసాలు – వాటిని కడిగిన కుచ్చు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి పంపమని కార్యదర్శిగారు కోరారు. కాటన్ దొరగారి ఆనకట్ట గురించో, రాజమహేంద్రవరం కోట గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం ఒక ప్రభుత్వ ఆసుపత్రి స్టోర్సు సెక్షనులో పనిచేసిన గుమాస్తాను. అందుచేత స్టాకు రిజిస్టరులో ఏడాదికొకసారి కనిపించి, "వాడుకలో అరిగిపోయినవి" అని కొట్టివేయబడే ఒక చిన్న వస్తువు చరిత్ర వ్రాస్తున్నాను. అది సన్నమెడ సీసాలు కడిగే కుచ్చు. బజారులో బాటిల్ బ్రష్షు అంటారు. చిన్న వస్తువే గాని దానితో ముడిపడిన విషయం చిన్నది కాదు.

చెయ్యి పట్టే పాత్రలు

మన పాత ఇళ్ళలోని సామాను ఒకసారి గుర్తుచేసుకోండి. చెంబు, గిన్నె, గుండిగ, బిందె, జాడీ. బిందె మెడ ఎంత సన్నదైనా ఆడవాళ్ళ చెయ్యి లోపలికి పోయేది. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు ఉంటే చాలు, అడుగుదాకా తోమేవారు. చెయ్యి పట్టని పాత్రలో పాలు పోయడం మన పెద్దలకు అలవాటు లేదు. పసిపిల్లలకు పాలు పట్టడానికి వాడిన ఉగ్గుగిన్నె చూడండి. వెడల్పు నోరు, ఒక పక్కన చిన్న కొమ్ము. దానిలో వేలు తిరగని మూల లేదు. దాన్ని కడగడానికి ప్రత్యేకంగా ఒక సాధనం కనిపెట్టవలసిన అవసరమే రాలేదు.

గాజు సీసా వచ్చిన తరువాత ఈ పద్ధతి మారింది. ద్రవం ఒలకకుండా, చిన్న బిరడాతో మూతపడాలంటే మెడ సన్నగా ఉండాలి. అలా ఉంటే చెయ్యి పట్టదు. నూనెకు, కిరసనాయిలుకు, అత్తరుకు, మందుకు అన్నిటికీ సీసాయే అయింది. కడగడానికి మనవాళ్ళు గోదావరి ఇసుక గుప్పెడు, ఊక, కోడిగుడ్డు పెంకుల పొడి వేసి నీళ్ళు పోసి ఆడించేవారు. సీమదేశంలో సారా సీసాలను సీసం లోహపు గుండ్లు వేసి ఆడించి కడిగేవారు. ఒక గుండు అడుగున ఇరుక్కుపోతే ఆ సీసం సారాలో కరిగి త్రాగినవారికి విషమయ్యేది. మన ఇసుకలో ఆ ప్రమాదం లేదు గాని, మరొక లోపం ఉంది. ఆడించినప్పుడు ఇసుక అడుగును, పక్కలను గీకుతుంది. మెడ దిగి పొట్ట మొదలయ్యే వంపును, అంటే సీసా భుజాన్ని, సరిగా తాకదు. ఈ భుజం సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ముందుకు దానితో పని ఉంది.

గోళీసోడా కడిగేదెలా?

సన్నమెడ సీసాలన్నిటిలోకి కడగడానికి కష్టమైనది మనందరం త్రాగిన గోళీసోడా సీసా. దీనిని కనిపెట్టినవాడు హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1870లలో దీనికి పేటెంటు పొందాడు. గ్యాసు ఒత్తిడికి గోళీ పైకి తన్ని, మూతి లోపలి రబ్బరు రింగుకు అదుముకొని మూతపడుతుంది. బిరడా, మైనం, దారం ఏవీ అక్కరలేదు. ఇంగ్లండులో ఈ సీసా కాలక్రమాన వెనుకబడింది. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ కనిపెట్టిన రేకు మూత దాని స్థానాన్ని ఆక్రమించింది. మన దేశంలో మాత్రం గోళీసోడా వదలలేదు. మన డెల్టాలో సంతకు, తీర్థానికి, రేవుకు సోడాబండి లేకుండా ఉండేది కాదు.

ఆ సీసా మెడలో గోళీ శాశ్వతంగా ఉంటుంది, బయటికి రాదు. గోళీ కడుపులోకి జారిపోకుండా మెడ కింద ఒక నొక్కు, త్రాగేటప్పుడు మూతికి అడ్డుపడకుండా పక్కన రెండు బుడిపెలు ఉంటాయి. కడగడానికి సీసాను బోర్లిస్తే గోళీ వచ్చి మూతికి అడ్డం పడుతుంది, నీళ్ళు దిగవు. బుడిపెల వైపు వంచి, గోళీని వాటిమీద నిలబెట్టి, పక్క సందులోంచి కుచ్చు దూర్చాలి. మెడ దాటాక అదే కుచ్చు విచ్చుకొని పొట్టను తోమాలి. ఇదీగాక రబ్బరు రింగు గాడిలో పట్టిన జిగురును వేపపుల్లతో గీకాలి. ఇంత శ్రమ పడే సోడా కొట్టువాళ్ళు ఉండేవారు. ఒక బకెట్టు నీళ్ళలో ముంచి లేపేవాళ్ళూ ఉండేవారు. 1979 గోదావరి పుష్కరాలలో డ్యూటీ మీద కోటిలింగాల రేవు దగ్గర నిలబడి నేను రెండు రకాలవాళ్ళనూ చూశాను. ఉదయం తెచ్చిన బకెట్టు నీళ్ళు సాయంత్రానికి ఏ రంగులో ఉండేవో చెప్పనక్కరలేదు.

మన ప్రాంతంలోనే 1919 నుండి శీతల పానీయాల వ్యాపారం ఉన్న ఊరు రామచంద్రపురం. రాజుగారి డ్రింకుగా పేరుపడి, తరువాత ఆర్టోస్ అనే పేరుతో నేటికీ నడుస్తున్నది. పెద్ద కర్మాగారాలలో రేకు మూత సీసాలు వచ్చాక కడిగే పద్ధతే మారిపోయింది. వేడి కాస్టిక్ సోడా నీళ్ళలో సీసాలు నానబెట్టి, కింది నుండి గట్టి ధారతో లోపల కడిగే యంత్రాలు వచ్చాయి. అక్కడ కుచ్చు పని చాలావరకు తగ్గింది. చిన్న కొట్లలో, ఆసుపత్రులలో, ఇళ్ళలో మాత్రం కుచ్చే గతి.

కుచ్చుకు కావలసిన నార

కుచ్చు తయారీ చూడడానికి సులభం. ఒక ఇనుప తీగను మధ్యకు మడిచి, రెండు పాయల నడుమ నారను అడ్డంగా పరచి, తీగను మెలితిప్పుతారు. మెలిక బిగిసేకొద్దీ నార చుట్టూ మరమేకు చుట్లలాగా నిలబడుతుంది. ఆపైన కత్తెరతో సమం చేస్తారు. అసలు చిక్కు నారలో ఉంది. సన్నమెడలో దూరేటప్పుడు నార వెనక్కు వంగాలి, పొట్టలోకి దిగాక మళ్ళీ నిటారుగా లేవాలి, బయటికి లాగేటప్పుడు ముందుకు వంగాలి. మెత్తనైతే లేవదు, బిరుసైతే వంగదు.

మన డెల్టాలో నారకు కొదువ లేదు. కోనసీమ కొబ్బరి పీచు సంగతి అందరికీ తెలుసు. పీచులో పొట్టిది పరుపులకు పోతుంది, పొడుగాటి బిరుసు పీచు కుచ్చులకు, చీపుళ్ళకు పనికివస్తుంది. తాటి మట్ట మొదలును కొట్టి తీసే నారకు కూడా ఒకప్పుడు గొప్ప గిరాకీ ఉండేది. అది కాకినాడ రేవు నుండి సీమకు ఎగుమతి అయ్యేది. బ్రష్షుల వర్తకంలో తాటి నారలలో ఒక రకానికి కాకినాడ పేరే ఉండేది. అక్కడ దానితో వీధులు ఊడ్చే బ్రష్షులు చేసేవారు. ఇక ఖరీదైన బ్రష్షులకు పంది వెంట్రుకలు వాడేవారు. వంగి లేవడంలో వాటికి సాటి లేదు గాని, ఆ సంగతి తెలిస్తే మన ఇళ్ళలో చాలామంది గుమ్మం దాటనిచ్చేవారు కాదు. 1938లో అమెరికాలో నైలాను పోగులతో పళ్ళు తోముకునే బ్రష్షు వచ్చింది. ఆ తరువాత సీసా బ్రష్షుకు కూడా నైలానే వచ్చి ఈ చిక్కు తీర్చింది.

మా స్టోర్సులో చేసిన కుచ్చు

నేను 1973లో సర్వీసులో చేరాను. ఆ రోజులలో ఆసుపత్రికి వచ్చే రోగి తన సీసా తానే తెచ్చుకోవాలి. కాంపౌండరుగారు మిక్చరు పోసి, డోసులకు గుర్తుగా కాగితం పట్టీ కత్తిరించి సీసాకు అంటించేవారు. వచ్చే సీసాలు ఎటువంటివి? నిన్నటిదాకా ఆముదం పోసినవి, కిరసనాయిలు పోసినవి. కడిగి తీసుకురమ్మంటే పల్లెటూరి ముసలమ్మ, "కడిగే తెచ్చాను బాబూ" అనేది. ఆమె అబద్ధం ఆడలేదు. ఆమె చేతికి అందినంతవరకు కడిగింది.

బ్రష్షుల కోసం ఇండెంటు పెట్టాము. నిరుడు ఇచ్చినవి ఏమయ్యాయని ప్రశ్న వేస్తూ అది తిరిగి వచ్చింది. జవాబు వ్రాశాము. మళ్ళీ తిరిగి వచ్చింది. ఆ ఫైలు సంగతి మన మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. చివరకు మా స్టోర్సు కాంపౌండరుగారు, "గుమాస్తాగారూ, కాగితం మీద బ్రష్షు రాదు గాని, మనమే చేద్దాం పట్టండి" అన్నారు.

మొదట సైకిలు పుల్లకు కొబ్బరి పీచు దారంతో కట్టారు. రెండు సీసాలు కడిగేసరికి పీచు జారి సీసాలోనే ఉండిపోయింది. రెండవసారి తీగ మడతను తలుపు గొళ్ళేనికి తగిలించి, రెండు కొసలను ఒక కర్రకు చుట్టి, పీచు నడుమ పెట్టి మెలితిప్పారు. పీచు నిలిచింది. బిరుసుగా ఉంటే బాగా తోముతుందని తాటి నారతో కూడా ఒకటి చేశారు. అది ఔన్సు సీసా మెడలోకి దూరనే లేదు, బలవంతంగా దూర్చితే విరిగింది. కొబ్బరి పీచే, అదీ రాత్రంతా నానబెట్టి వాడితే, సరిపోయింది. తరువాత తీగ కొన గాజుకు తగిలి గీతలు పడుతున్నాయని గమనించారు. గీత పడిన గాజు బలహీనమవుతుంది, సోడా సీసా అయితే పేలే ప్రమాదం కూడా ఉంది. అందుకని కొసన ఒక పీచు ముడిని పువ్వులాగా కట్టారు. దానివల్ల అడుగు కూడా శుభ్రపడింది. ఇంకా మిగిలింది భుజం. తిన్నటి తీగ మెడలోంచి నేరుగా అడుగుకు పోతుంది, భుజాన్ని తాకదు. ఆయన తీగను కొస దగ్గర బొటనవేలితో కొద్దిగా వంచారు. అలా వంచిన కుచ్చును మెడలో తిప్పితే భుజమంతా చుట్టి వచ్చింది. ఇంత చిన్న వంపు కోసం మాకు దాదాపు నెల పట్టింది.

పాలసీసా

ఆ వంపు విలువ నాకు 1980లో తెలిసింది. మా పెద్దమ్మాయి పుట్టిన మూడవ నెలలో నా భార్యకు టైఫాయిడ్ వచ్చింది. పాపకు సీసా పాలు మొదలుపెట్టాము. సీసాతోపాటు వచ్చిన బ్రష్షుతో కడిగి, నీళ్ళలో మరగబెట్టి మరీ వాడేవాళ్ళం. అయినా పది రోజులలో విరేచనాలు పట్టుకున్నాయి, పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. ఆసుపత్రిలో చేర్చాము. కాంపౌండరుగారు చూడటానికి వచ్చి పాలసీసాను వెలుతురుకు పెట్టి చూశారు. జేబులోంచి తీగ ముక్క తీసి, వంచి, కొసకు దూది చుట్టి భుజం లోపల తిప్పారు. దూదికి పచ్చటి జిగురు అంటుకొని వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మందు సీసాలకు నెల రోజులు కుచ్చు చేసినవాడిని, నా బిడ్డ సీసాను వెలుతురుకు పెట్టి ఒక్కసారీ చూడలేదు. తోమకుండా మరగబెడితే పాల పొర ఉడికి గాజుకు మరింత గట్టిగా అంటుకుంటుంది, దాని కింద క్రిములు దాక్కుంటాయి. ముందు తోమాలి, తరువాత మరగబెట్టాలి.

దేవుని దయవల్ల, డాక్టరుగారు పట్టించిన ఉప్పు పంచదార నీళ్ళవల్ల పాప బ్రతికింది. ఇంటికి వచ్చాక మా అమ్మగారు ఏమీ అనకుండా పెట్టెలోంచి నా చిన్ననాటి ఉగ్గుగిన్నె తీసి తోమారు.

ఇది నా ఒక్కడికే జరిగింది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో పొడుగాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు వచ్చాయి. తల్లి పట్టుకోకపోయినా పిల్ల పడుకొని త్రాగవచ్చు. ఆ గొట్టం లోపల ఏ బ్రష్షూ సరిగా పోదు. 1861లో ఇసబెల్లా బీటన్ అచ్చువేసిన ప్రసిద్ధ గృహ నిర్వహణ గ్రంథంలో పాలపీకను రెండు మూడు వారాలు తీయనక్కరలేదని సలహా ఉంది. ఎందరో పసిపిల్లలు పోయాక ఆ సీసాలకు "హంతక సీసాలు" అనే పేరు వచ్చింది. ఫ్రాన్సు 1910లో వాటిని చట్టరీత్యా నిషేధించింది. ఆ గొట్టం సీసాల తరువాత రెండు వైపులా తెరచుకొని, నీళ్ళు ఒక వైపు పోస్తే రెండో వైపు పోయే పడవ ఆకారపు సీసాలు, ఆ తరువాత వెడల్పు మెడ సీసాలు వచ్చాయి. అంటే వాళ్ళు బ్రష్షును ఎంత బాగుచేసినా చాలక, చివరకు సీసానే బాగుచేశారు. మన దేశంలో 1992లో పాలసీసాలు, పాలపొడుల మీద చట్టం వచ్చింది. ఆ చట్టం పాలసీసాల ప్రచారాన్ని నిషేధించింది. నేడు నెలలు నిండకుండా పుట్టి, పాలు చీకలేని శిశువులకు ఆసుపత్రులలో గిన్నెతోనూ, ఉగ్గుగిన్నెను పోలిన కొమ్ము గిన్నెతోనూ తల్లిపాలు పడుతున్నారు.

చివరగా

ఇప్పుడు మన మనుమలు, మనుమరాళ్ళు బడికి స్టీలు సీసాలు, ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోతున్నారు. మనమూ ఉదయపు నడకకు అటువంటిదే పట్టుకుపోతున్నాము. దయచేసి ఒకసారి లోపల భుజం వేలితో తడిమి చూడండి. జారుడుగా ఉంటే కుచ్చు అక్కడికి చేరడం లేదన్నమాట. తీగ కొస కొద్దిగా వంచండి. ప్లాస్టిక్ సీసాకు బిరుసు బ్రష్షు వాడవద్దు, గీతలలో మురికి నిలుస్తుంది. వాడిన కుచ్చును సింకులో తడిగా పడవేయక, తల కిందికి ఉండేలా తగిలించి ఆరనివ్వండి. కొత్త సీసా కొనేటప్పుడు రంగు చూడకముందు చెయ్యి లోపలికి పడుతుందా అని చూడండి.

మా కాంపౌండరుగారు ఇప్పుడు లేరు. ఆయన చేసిన కుచ్చులు స్టాకు రిజిస్టరులో ఎక్కడా చేరలేదు, ఎందుకంటే వాటికి బిల్లు లేదు. కనీసం ఈ సంచికలోనైనా చేర్చాలని ఈ నాలుగు మాటలు వ్రాశాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.