గిన్నెస్ గోదాముల్లో పుట్టిన టి-పరీక్ష

1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఆక్స్‌ఫర్డ్ నుంచి విలియం సీలీ గాసెట్ అనే కుర్రాణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంది. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. చదివింది రసాయన శాస్త్రం, గణితం. అప్పటిదాకా బీరు తయారీ చేయి తిరిగిన పనివాళ్ల ముక్కూ నాలుకల మీదే నడిచేది. సరుకు లక్షల పీపాల్లోకి పెరిగాక ఆ నమ్మకం చాలలేదు. ఏ బార్లీ ఎక్కువ మాల్టునిస్తుంది, ఏ ఎరువు వేస్తే దిగుబడి పెరుగుతుంది, ఈస్టు ఎంత కలపాలి అన్నవన్నీ కొలిచి తేల్చాల్సి వచ్చింది.

కొలవడం మొదలుపెట్టగానే చిక్కు ఎదురైంది. కొత్త రకం బార్లీ మంచిదో కాదో చూడాలంటే విత్తి, కోతల దాకా ఆగాలి. ఏడాదికి ఒక్కటే పంట. మహా అయితే నాలుగైదు చోట్ల వేసి చూడగలరు. అంటే చేతిలో ఉండేవి నాలుగైదు అంకెలే. వాటి సగటు కొత్త రకానికి కొంచెం ఎక్కువొచ్చిందనుకోండి. అది రకం గొప్పతనమా, నేల గొప్పతనమా, కేవలం అదృష్టమా?

అప్పటి స్టాటిస్టిక్స్‌లో దీనికి జవాబు ఉంది కానీ, అది వేలల్లో కొలతలున్నవాళ్లకి. శాంపిల్‌లోని క్రమవిచలనాన్ని కొలతల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే సగటులో ఎంత పొరపాటు ఉండొచ్చో తెలుస్తుంది. ఆ తర్వాత నార్మల్ వక్రరేఖ పట్టిక చూసుకుంటే సరి. ఇందులో ఒక దొంగ మెట్టు ఉంది. అసలు క్రమవిచలనం ఎవరికీ తెలియదు, శాంపిల్‌లోంచే లాగుతాం. వెయ్యి కొలతలుంటే ఆ అంచనా గట్టిదే. నాలుగే ఉంటే అదే ఊగిసలాడుతుంది. ఆ నాలుగూ యాదృచ్ఛికంగా దగ్గర దగ్గరగా పడితే, ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ ధీమా వచ్చేస్తుంది. నాలుగు కొలతలతో నార్మల్ పట్టికను నమ్ముకుంటే, నూటికి 5 సార్లే పొరబడతామనుకున్నవాళ్లం నిజానికి 14 సార్లకు పైగా పొరబడతాం.

1904లో గాసెట్ ఈ లెక్కలన్నిటి మీదా కంపెనీకి ఒక నివేదిక రాసిచ్చాడు. మరుసటి ఏడు లండన్ ప్రొఫెసర్ కార్ల్ పియర్సన్‌ని కలిశాడు. 1906లో కంపెనీయే జీతమిచ్చి ఆయన ప్రయోగశాలకు పంపింది. పియర్సన్ బృందం మనుషుల్నీ పుర్రెల్నీ వందల్లో, వేలల్లో కొలిచేది. నాలుగు అంకెలతో ఏదో తేల్చాలనుకునే బీరు ఉద్యోగి గోల ఆయనకి పెద్దగా పట్టలేదు. చోటిచ్చాడు, చదివించాడు, సమస్యను మాత్రం గాసెట్‌కే వదిలేశాడు.

గాసెట్ చేసిన పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది గణితం కాదు, పేకముక్కల ఆట. సగటులోని తేడాని శాంపిల్ క్రమవిచలనంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఏ వక్రరేఖలో పరుచుకుంటుందో అతను కొంత లెక్కించి, కొంత ఊహించాడు. నిరూపణ పూర్తి కాలేదని తనకీ తెలుసు. అందుకే పరీక్షించాడు. 3000 మంది నేరస్థుల ఎత్తులు, ఎడమచేతి నడిమి వేళ్ల పొడవులు ఉన్న పట్టిక ఒకటి అప్పటికే అచ్చయి ఉంది. వాటిని 3000 అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, ఒక్కొక్కటే తీసి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశాడు. ఒక్కో గుంపుకీ సగటు, క్రమవిచలనం, నిష్పత్తి లెక్కగట్టాడు. ఇప్పుడు కంప్యూటర్ కన్ను మూసి తెరిచేలోగా చేసే పని అది. ఊహించిన వక్రరేఖకూ అట్టముక్కల ఫలితానికీ బాగానే కుదిరింది. నార్మల్ వక్రరేఖ కంటే దాని తోకలు లావు. నూటికి 5 సార్లే పొరబడాలంటే నార్మల్ పట్టికలో 1.96 దగ్గర గీసే గీత, నాలుగు కొలతలకు ఇప్పటి లెక్కలో 3.18 దాకా జరగాలి.

వ్యాసం 1908లో పియర్సన్ నడిపే ‘బయోమెట్రికా’లో వచ్చింది, ‘స్టూడెంట్’ అన్న పేరుతో. వ్యాపార రహస్యాలు బయటికి పొక్కుతాయన్న భయంతో గిన్నెస్ తన ఉద్యోగుల్ని సొంత పేర్లతో రాయనిచ్చేది కాదు.

ఆ వ్యాసంలో ముందు వరసలో నిలిచిన ఉదాహరణ నిద్రమందులది. పదిమంది రోగులు, రెండు మందులు, ఒక్కొక్కరికీ రెండూ ఇచ్చి చూశారు. మొదటి మందుతో సగటున 0.75 గంటలు, రెండోదాంతో 2.33 గంటలు అదనపు నిద్ర. తేడా 1.58 గంటలు. ఇవి రెండు వేర్వేరు గుంపుల అంకెలనుకుని ఇప్పటి పద్ధతిలో లెక్కవేస్తే టి విలువ (గాసెట్ నిష్పత్తికి ఇప్పటి రూపం) 1.86 వస్తుంది. పట్టికలో కావలసింది 2.10. అంటే ఏమీ తేలనట్టే. కానీ మనిషి మనిషికీ నిద్రలో ఉండే తేడా మందుల తేడాని మింగేస్తోందక్కడ. ఒకే రోగికి ఈ మందుతో ఎంత, ఆ మందుతో ఎంత అని ఎవరి అంకెను వాళ్ల అంకెలోంచే తీసేస్తే ఆ గొడవ పోతుంది. అప్పుడు మిగిలేవి పది తేడాలు. వాటితో టి 4.06, కావలసింది 2.26 మాత్రమే. అంకెలు అవే, అడిగిన తీరు వేరు. పరీక్షలకు చదివే పిల్లలు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. సూత్రం నోటికి వస్తుంది, జతలు కట్టాలా వద్దా అన్నది ప్రశ్న చదివి పసిగట్టాలి.

చాలా ఏళ్లు గాసెట్ పద్ధతిని వాడినవాళ్లు తక్కువే. 1912లో కేంబ్రిడ్జి కుర్రాడు రోనాల్డ్ ఫిషర్, పూర్తి నిరూపణను జ్యామితి మార్గంలో పంపాడు. అది గాసెట్‌కి అర్థం కాలేదు, పియర్సన్‌కి పంపి అడిగాడు. (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చేసిన మన స్టాటిస్టిక్స్ పండితుడు సి.ఆర్. రావుకి తర్వాతి కాలంలో కేంబ్రిడ్జిలో పిహెచ్‌డి గురువు ఈ ఫిషరే.) 1925లో వచ్చిన ఫిషర్ పుస్తకం ఆ నిష్పత్తిని ఇప్పటి టి రూపంలో లోకానికి అందించింది. రెండు సగటుల పోలికకీ, రిగ్రెషన్ గుణకాలకీ కూడా అదే వక్రరేఖ పనికొస్తుందని చూపించింది కూడా ఆయనే. ఏ సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్ చేసినా గుణకం పక్కన కనిపించే టి వరస అక్కణ్ణుంచి వచ్చిందే.

నూటికి 5 అన్న గీత స్థిరపడింది కూడా ఫిషర్ పుస్తకంతోనే. గాసెట్‌కి దాని మీద అంత మోజు లేదు. బార్లీ మార్చితే ఎంత మిగులుతుంది, మరో ఏడాది ప్రయోగానికి ఎంత ఖర్చవుతుంది అన్నవి తూచుకోవాల్సిన ఉద్యోగం అతనిది. నన్నడిగితే అతని పక్షమే సబబు. నిద్రమందుల లెక్కలో వైద్యుడికి ముందు కావలసింది 1.58 గంటలన్న అంకె, టి విలువ దాని తర్వాతది.

ఆ లెక్కలో ఇంకో విచిత్రం ఉంది. అంకెలు సరిగ్గా ఎత్తి రాసిన గాసెట్ మందుల పేర్లు మాత్రం తప్పు రాశాడు. ఫిషర్ ఆ ఉదాహరణను తన పుస్తకంలోకి తీసుకున్నప్పుడు తప్పునీ వెంట తీసుకెళ్లాడు. అసలు వైద్య వ్యాసం తీసి సరిచూసినవాళ్లు దాన్ని పట్టుకోవడానికి దశాబ్దాలు పట్టింది.